పందిరీ పంక్తీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేసవి శుభకార్యాల గురించినవే. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఎక్కువ మందికి పనికివచ్చే ఐదింటిని ఎంచి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి మే నెలలో కాకినాడలో జరుగుతుంది. ముహూర్తం రాత్రి 11 గంటల 38 నిమిషాలకు. అలంకరణ చేసేవారు చూపించిన ఆల్బముల్లో అన్నీ ఆర్కిడ్‌లు, జర్బెరాలు, అద్దాల గోడలే ఉన్నాయి. ఖర్చు మా శక్తికి మించి ఉంది, పైగా అది మన ఇంటి పెళ్లిలా అనిపించడం లేదు. పచ్చిపూలతో, మన పద్ధతిలో, కంటికి ఇంపుగా మండపం కట్టించడం ఎలా? (ఒక తల్లి, కాకినాడ)

జవాబు: అమ్మా, ఆల్బంలో కనిపించే మండపాన్ని ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎంత చల్లగా ఉన్న హాల్లో కట్టారో ఆ ఫోటో చెప్పదు. కాబట్టి ఆల్బం పక్కన పెట్టి మీ శుభలేఖను ముందు పెట్టుకోండి. అందులో ఉన్న నెల, ముహూర్త సమయం, వేదిక చూస్తే మీకు ఏ పూలు కావాలో, ఎన్ని కావాలో, ఎక్కడ పెట్టించాలో చాలావరకు తేలిపోతుంది.

జర్బెరా చల్లని చోట పెరిగే పువ్వు. బెంగళూరు వైపు నుంచి ప్రయాణం చేసి వచ్చి, మే నెల ఎండలో మధ్యాహ్నం మండపం ఎక్కితే, రాత్రి ముహూర్తానికి అది నిలవదు. కొన్నేళ్ల కిందట నేను ఒప్పుకుని చేయించిన ఒక పెళ్లిలో సరిగ్గా ఇదే జరిగింది. సాయంత్రం ఆరింటికి ఎంతో నిండుగా కనిపించిన పూలగోడ, తలంబ్రాల వేళకు సగానికి సగం మెడలు వాల్చేసింది. పెళ్లికూతురి తండ్రి పీటల మీద నుంచే ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనకుండా మళ్లీ పురోహితుడి వైపు తిరిగారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి వేసవి పెళ్లికి ఆ పువ్వు పెట్టించడం మానేశాను.

మీ ముహూర్తానికి తగిన పువ్వు మల్లె. వేసవిలో మల్లె సమృద్ధిగా పూస్తుంది. తెల్లవారుజామున మొగ్గగా ఉన్నప్పుడు కోస్తారు, సాయంత్రం దాటిన తరువాత అది విచ్చుకుంటుంది, రాత్రి జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మండపమంతా వాసన నిండిపోతుంది. దానికి తోడు లిల్లీ మాలలు, కొద్దిగా పసుపు చామంతి చాలు. కడియం, కడియపులంక పూల మార్కెట్లు మీకు దగ్గరే కాబట్టి, వీలైతే వారం ముందు ఒకసారి తెల్లవారకముందే స్వయంగా వెళ్లి చూడండి. మల్లెమొగ్గను రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే గట్టిగా తగలాలి, కాడ పచ్చగా ఉండాలి. బంతి, చామంతి పూలను తలకిందులుగా పట్టుకుని ఒక్కసారి విదిలిస్తే రేకులు రాలకూడదు. కట్టిన మాలలను మండపానికి ఎక్కించేదాకా తడి గోనెపట్టాల కింద, నీడలో ఉంచమని పనివాళ్లకు గట్టిగా చెప్పండి. ప్లాస్టిక్ సంచుల్లో మూతికట్టి ఉంచిన పూలు ఉడికినట్లయి నల్లబడతాయి.

ఇక ఖర్చు విషయం. దంపతులు పీటల మీద కూర్చుంటారు, వారి పక్కన తల్లిదండ్రులు కూర్చుంటారు, పురోహితుడూ కూర్చునే ఉంటాడు. కాబట్టి ఫోటోల్లోనూ, బంధువుల కళ్లకూ ఎక్కువసేపు కనిపించేది నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తు వరకే. పూలన్నీ ఆ భాగంలోనే దట్టంగా పెట్టించి, పైభాగాన్ని కొబ్బరాకు అల్లికతో, మామిడాకు తోరణాలతో నింపితే, పూల ఖర్చు బాగా తగ్గుతుంది, మండపం బోసిగానూ ఉండదు. నాలుగు స్తంభాలకూ గెలలతో ఉన్న అరటిబోదెలు కట్టించండి. పైకప్పు నుంచి మల్లెమాలలను నిలువుగా వేలాడదీయదలిస్తే, నిలబడిన వరుడి తలపాగాకు తగలనంత ఎత్తులో ఆపేయండి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు చేతులు పైకి లేస్తాయన్న సంగతి అలంకరణ చేసేవారు తరచు మరచిపోతారు.

మరొక ముఖ్యమైన విషయం మధుపర్కాలు. అవి తెల్లనివి. వెనక గోడంతా తెల్లపూలతో నింపితే దంపతులు అందులో కలిసిపోతారు. వెనక పచ్చటి ఆకులు ఉంటే తెల్లని మధుపర్కాలూ, పసుపు రాసిన ముఖాలూ వేటికవి తేటగా కనిపిస్తాయి. అందుకే తెల్లపూలను పక్కలకూ, పైకీ జరిపి, నడిమి భాగాన్ని ఆకులకు వదిలిపెట్టమని నా సలహా. దీపాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. నీలివన్నె తగిలే తెల్ల దీపాల కింద పసుపు పాలిపోయినట్లు కనిపిస్తుంది. 2,700 నుంచి 3,000 కెల్విన్ల మధ్య ఉండే పసుపువన్నె ఎల్‌ఈడీ దీపాలు కావాలని లైటింగ్ వారికి ముందే కాగితం మీద రాసి ఇవ్వండి.

అడ్డుతెరకు మాత్రం కాస్త ఎక్కువ ఖర్చు పెట్టినా తప్పు లేదు. పెడన అచ్చుల కలంకారీ గాని, శ్రీకాళహస్తి చేతిరాత కలంకారీ గాని ఒక తెరకు సరిపడా వేయించుకుంటే, పెళ్లిలో అందరి కళ్లూ ఒక్కసారిగా నిలిచేది దాని మీదే, పెళ్లి అయిన తరువాత అది అమ్మాయి ఇంటి గోడకు చేరుతుంది. మూడు నెలల ముందే చెప్పి ఉంచండి, చేతిపని తొందరపెడితే అయ్యేది కాదు. చివరగా, హోమగుండానికి నాలుగు అడుగుల లోపల నెట్ గుడ్డ, శాటిన్ పరదా వంటివి ఏవీ ఉండకూడదు. వేదిక ఎత్తు రెండు అడుగులు మించకుండా చూసి, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ పెట్టించండి, ఆశీర్వదించడానికి ఎక్కేవారిలో అమ్మమ్మలూ తాతయ్యలూ ఉంటారు.

ప్రశ్న: మా బాబు పుట్టినరోజుకు థర్మోకోల్‌తో పేరు చెక్కించి, వెనక పెద్ద ఫ్లెక్సీ పెట్టించాలని ఉంది. థర్మోకోల్ వాడకూడదని ఒకరు అన్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: నిజమే. అలంకరణకు వాడే థర్మోకోల్, బెలూన్లకు పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు, ఇవన్నీ 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన జాబితాలో ఉన్నాయి. మిఠాయి పెట్టెలకూ, ఆహ్వాన పత్రికలకూ చుట్టే పలచని ప్లాస్టిక్ పొర కూడా అందులో ఉంది. పేరును దళసరి అట్ట మీద కత్తిరించి, దాని మీద బంతిరేకులు అతికించండి, పిల్లలకు అదొక ఆట అవుతుంది. వెనక పరదాకు ఒక మంగళగిరి చీర లేదా పోచంపల్లి దుప్పటి చాలు, మరునాడు అది మళ్లీ బీరువాలోకి వెళ్తుంది.

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయికి అమలాపురం సంబంధం కుదిరింది. జూన్ మొదటి వారంలో మా ఇంటి దగ్గర సత్యనారాయణ వ్రతం, ఆ మధ్యాహ్నం 400 మందికి శాకాహార విందు ఇవ్వాలి. క్యాటరింగ్ వారు 42 వంటకాల జాబితా ఇచ్చారు. వియ్యాలవారికి వారి రుచి, మావారికి మా రుచి దొరకాలంటే ఏం పెట్టించాలి? బఫేనా, బంతి భోజనమా? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: 42 వంటకాల జాబితాను గౌరవంగా వెనక్కి ఇచ్చేయండి. ఒక మనిషి ఒక పూట ఆస్వాదించగలిగేవి పదహారో, పద్దెనిమిదో. అంతకు మించినవి వండితే, వంటవారి శ్రద్ధ చీలిపోతుంది, పప్పు అడుగంటుతుంది, పులిహోర ఉదయం కలిపి మధ్యాహ్నం దాకా గట్టిపడుతుంది. తక్కువ వంటకాలను, ప్రతి ఒక్కటీ ఇల్లాలు వండినంత శ్రద్ధగా వండించడమే వియ్యాలవారికి చేయగల గొప్ప మర్యాద అని నేను నమ్ముతాను.

మీ రెండు ఇళ్ల వంటలు మీరు అనుకున్నంత దూరమేమీ కావు. కోనసీమలో శుభకార్యానికి పూర్ణం బూరె లేకుండా విస్తరి నిండదు. మీ వైపు భక్ష్యాలు లేకుండా పండుగ గడవదు. రెండింటి లోపలా ఉండేది ఉడికించిన శనగపప్పు, బెల్లం, యాలకులు కలిపిన అదే పూర్ణం. ఒక్క గంగాళంలో పూర్ణం చేయించి, సగాన్ని తోపు పిండిలో ముంచి నూనెలో వేయించండి, సగాన్ని పిండిలో పెట్టి పెనం మీద కాల్పించండి. రెండూ మామూలు కంటే కొంచెం చిన్నవిగా చేయించి, ఒకే ఆకులో పక్కపక్కన వడ్డించండి. ఈ ఒక్క ఏర్పాటుతో మీరు చెప్పదలచుకున్నది వియ్యాలవారికి మాట లేకుండా అర్థమవుతుంది. బూరె మాత్రం వేడిగా రావాలి. నేను చూసిన ఒక పెళ్లిలో వడ్డనకు వచ్చిన పెద్దాయన ప్రతి ఆకు దగ్గరా వంగి, బూరెను గరిటె అంచుతో కాస్త చిదిమి, ఆ గుంటలో నెయ్యి పోసి, అది లోపలికి ఇంకేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు పక్క ఆకుకు జరిగేవారు. ఆ పంక్తిలో ఒక్కరూ బూరెను వదిలిపెట్టలేదు.

మిగిలిన విస్తరిని ఇలా ఆలోచించండి. జూన్ నాటికి కొత్తావకాయ ఇంటింటా ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద వేసే మీ వైపు ఆవకాయనూ, ఆవపిండి ఘాటు తెలిసే గోదావరి ఆవకాయనూ రెండు చిన్న చెంచాలు పక్కపక్కన వేయించండి, మామిడి రుచి మీద చర్చ దానంతట అదే మొదలవుతుంది. మామిడికాయ పప్పు, ముద్దపప్పు రెండూ అవసరం లేదు. ముద్దపప్పు పెట్టి దానికి జోడుగా మీ పచ్చిపులుసు పోయించండి. పొయ్యి మీద కాగనవసరం లేని ఆ పులుసు వేసవి మధ్యాహ్నానికి ఎంతో హాయి. అయితే వ్రతం నాడు ఉల్లి తినని పెద్దలు ఉంటారు కాబట్టి, వారికోసం ఉల్లి లేకుండా జీలకర్ర, నువ్వులపొడితో ఒక పాత్ర విడిగా ఉంచండి. కూరల్లో నువ్వులు, పల్లీల ముద్ద కూరిన గుత్తివంకాయ ఒకటి, ఆవ పెట్టిన కంద బచ్చలి ఒకటి చాలు. లేత పనసకాయ దొరికితే కంద బదులు పనసపొట్టు చేయించండి, కోనసీమవారి ముఖాలు వెలుగుతాయి. పులిహోర, కొద్దిగా బగారా అన్నం, దప్పళం, చారు, గడ్డపెరుగు, చల్లమిరపకాయలు, ఆకు మూలన రెండు సకినాలు. సకినాలు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు కాబట్టి ఆ రోజు పొయ్యి మీద భారం ఉండదు. పెరుగన్నంలోకి బంగినపల్లి ముక్క ఒకటి ఇవ్వండి గాని, పండును ముందే కోసి పళ్లేల్లో పెట్టవద్దు, బంతి కూర్చున్న తరువాతే కోయాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది, వియ్యాలవారు వాటిని తప్పక తెస్తారు. వాటిని వేడి వంటల దగ్గర పెడితే ఆవిరికి మెత్తబడిపోతాయి. విడిగా పొడిచోట ఉంచి, అతిథులు వెళ్లేటప్పుడు తాంబూలంతో పాటు ఇవ్వండి.

బఫే కంటే మీకు బంతే మేలు. 100 మందికి ఒక బంతి చొప్పున నాలుగు బంతులు, ఒక్కొక్కటి దాదాపు 40 నిమిషాలు, మధ్యలో బల్లలు తుడిచే సమయంతో కలిపి మధ్యాహ్నం 12 గంటలకు మొదలుపెడితే మూడింటికల్లా పూర్తవుతుంది. 100 మంది బంతికి పన్నెండు మంది వడ్డించేవాళ్లు కావాలి, వారిలో ఇద్దరి పని మంచినీళ్లు, నెయ్యి మాత్రమే. దూరం నుంచి వచ్చిన వియ్యాలవారిని మొదటి బంతిలో కూర్చోబెట్టి, మీరు వారి వెనక నడవండి, మీ కూర్చోవడం చివరి బంతిలో. బల్లల మీద ఎత్తైన పూలకుండీలు పెడితే ఎదుటివారి ముఖం కనిపించదు, వడ్డించే చేతికీ అడ్డు. మధ్యగా ఒక వరుస మామిడాకులు, దాని మీద అక్కడక్కడ మల్లెలు చాలు. అరటాకు వేసేటప్పుడు సన్నని కొస తినేవారి ఎడమవైపు ఉండాలని కుర్రవాళ్లకు ఒకసారి చూపించండి. అరటాకులు చాలకపోతే మోదుగాకు విస్తళ్లు మీ వైపు దొరుకుతాయి, వాటి అందం వాటిదే.

కొలతల విషయంలో, ఇన్ని రకాలున్న భోజనానికి 100 మందికి పులిహోర, బగారాలతో కలిపి 12 కిలోల బియ్యం, 3 కిలోల కందిపప్పు, 12 లీటర్ల పెరుగు నేను లెక్క వేసుకుంటాను. కూరలనూ పప్పునూ ఒకేసారి వండించవద్దు. మొదటి రెండు బంతులకు ఒక వాయి, తరువాతి రెండింటికి మరొక వాయి వండితే చివరి బంతివారికి కూడా వేడి భోజనం దక్కుతుంది. వేడిగా ఉంచాల్సినవి 60 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉండాలి, పెరుగు పాత్రలు మంచులో ఉండాలి. మిగిలిన భోజనాన్ని అవసరమైన వారికి ఇచ్చే సేవాసంస్థతో ముందురోజే మాట్లాడుకోండి. సాయంత్రం దాకా ఉంచి ఇచ్చేది దానం అనిపించుకోదు.

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్‌లో ఉంటున్నాము. మా పాపకు అన్నప్రాసన ఇంట్లోనే, 40 మందితో చేయాలనుకుంటున్నాము. అరటిచెట్లు, మామిడాకులు లేని చోట ఇంటిని మన పండుగ ఇల్లులా ఎలా మార్చుకోవాలి? (ఒక యువతల్లి, డాలస్)

జవాబు: ఈ వేడుక అంతా నేల మీద, పాప కూర్చున్న ఎత్తులో జరుగుతుంది. అందుకని గోడలను వదిలి నేలను అలంకరించండి. ఒక మంచి జంపఖానా, దాని మీద పీట, చుట్టూ బియ్యప్పిండితో వేసిన ముగ్గు, ఇత్తడి పళ్లెంలో పుస్తకం, కలం, బంగారం, ధాన్యం. పాప దేన్ని పట్టుకుంటుందో అందరూ చూడాలి కాబట్టి, పళ్లెం ఎదుట ఎవరూ నిలబడకుండా అతిథులకు అర్ధచంద్రాకారంలో చోటు ఉంచండి. మామిడాకులు దొరకకపోతే ప్లాస్టిక్ తోరణం కంటే, పాత పట్టుచీర అంచులను ఆకుల ఆకారంలో కత్తిరించి కుట్టిన తోరణం ఎంతో బాగుంటుంది. అమ్మమ్మ చీర అంచు అయితే ఆ తోరణానికి ఒక కథ కూడా ఉంటుంది. బెలూన్లు, పూసలు, చిన్న అలంకరణ ముక్కలు పాప చేతికి అందే చోట పెట్టవద్దు, నోట్లోకే వెళ్తాయి.

ఆసియా దుకాణాల్లో గడ్డకట్టించిన అరటాకులు దొరుకుతాయి. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి మెత్తబడనిచ్చి, కడిగి, పొయ్యి మంట పైన ఒక్కసారి అటూ ఇటూ తిప్పితే నిగనిగలాడతాయి, చిరగవు. పెద్దలకు పులిహోర, గారెలు, పరమాన్నం, ముద్దపప్పు, ఏదైనా ఒక వేపుడు, పెరుగు సరిపోతాయి.

పాప నోట్లో పెట్టే మొదటి ముద్ద విషయంలో ఒక్క మాట మనసులో గట్టిగా పెట్టుకోండి. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు పసిపిల్లల పేగుల్లో విషాన్ని తయారుచేసే ప్రమాదం ఉంది. ప్రేమతోనే అయినా ఎవరో ఒకరు తేనె నాకించబోతారు, కాబట్టి పురోహితుడికీ, పెద్దలకూ ముందుగానే చెప్పి, వెండిగిన్నెలో బాగా మెదిపిన అన్నం, నెయ్యి మాత్రమే ఉంచండి.

ప్రశ్న: మా నాన్నగారు పరాభవ నామ సంవత్సరంలో, 1966లో పుట్టారు. ఆయన షష్టిపూర్తిని విజయనగరంలోని మా పాత ఇంట్లో చేయాలని అన్నదమ్ములం అనుకుంటున్నాము. నాన్నగారికి మధుమేహం ఉంది, ఆడంబరం ఇష్టం ఉండదు. ఏ విధంగా చేస్తే బాగుంటుంది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: అరవై ఏళ్ల చక్రం తిరిగి 2026 ఉగాదితో మళ్లీ పరాభవ వచ్చింది కాబట్టి సమయం సరిగ్గా కుదిరింది. ఆడంబరం ఇష్టపడని మనిషికి ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫోటో కట్టించకండి. పాత ఇల్లు ఉండటమే మీ అదృష్టం. గుమ్మాలకు పసుపు కుంకుమ, వాకిట్లో పెద్ద ముగ్గు, అరుగుల మీద, మెట్ల మీద 60 మట్టి ప్రమిదలు. సంధ్యవేళ మనవలు ఒక్కొక్కటీ వెలిగిస్తుంటే నాన్నగారు అరుగు మీద కూర్చుని చూడాలి. లోపల ఒక బల్ల మీద ఆయన చేతిలో మెలిగిన వస్తువులు పెట్టండి: మొదటి గడియారం, ఉత్తరాల కట్ట, అమ్మగారితో దిగిన నలుపు తెలుపు ఫోటో. వాటి పక్కన పూలు కూడా ఎక్కువ వద్దు.

భోజనంలో తీపి మానేస్తే శుభకార్యం వెలితిగా ఉంటుంది, ఎక్కువైతే ఆయన ఇబ్బంది పడతారు. అనకాపల్లి బెల్లంతో చేసిన పరమాన్నాన్ని అందరికీ చిన్న గిన్నెల్లోనే వడ్డించండి. బెల్లమైనా చక్కెరలాగే పనిచేస్తుంది కాబట్టి ఆయనకు ఎంత పెట్టాలో ముందే వైద్యుడిని అడగండి. అందరి గిన్నే ఒకటే అయితే ఆయనకు విడిగా తగ్గించి పెట్టినట్లు ఉండదు. అన్నం తగ్గి కూరలు, ఆకుకూర పప్పు, ఆవ పెట్టిన అరటికాయ, మజ్జిగ పులుసు ఎక్కువగా ఉంటే ఆయనా అందరితో సమానంగా తృప్తిగా తింటారు. వచ్చినవారిలో ఆయన వయసు స్నేహితులు చాలామంది ఉంటారు. వారికి నేల మీద పంక్తి వేయకుండా, చేతులున్న కుర్చీలు, మోకాళ్లు తగలని బల్లలు వేయించండి.

బంధువులకు ఇచ్చే కానుకగా విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనే తయారయ్యే చిన్న వీణల బొమ్మలు తగినవి. పనసకర్రతో చేసే ఆ వీణలను గుత్తగా కావాలంటే చాలా ముందుగా చెప్పాలి. అన్నదమ్ముల్లో ఒకరు ఈ వారమే వెళ్లి, ఎన్ని కావాలో చెప్పి రండి.